ఆన్‌లైన్‌లో నెట్‌వర్క్ మార్కెటింగ్ మొదలుపెట్టిన మా మేనకోడలికి

అమ్మలూ,

మొన్న ఆదివారం మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేసి, సరుకు అమ్ముతూ కింద మనుషుల్ని చేర్పించే నెట్‌వర్క్ కంపెనీలో చేరావని, రోజూ ఇన్‌స్టాలో వీడియోలు పెడుతున్నావని చెప్పాడు. వాడి గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. ఆ సాయంత్రం పక్కింటి పిల్లాడి చేత పెట్టించుకుని నీ వీడియోలు వరసగా తొమ్మిది చూశాను.

ఎంత చక్కగా మాట్లాడుతున్నావే తల్లీ! ఇంటికి నలుగురు చుట్టాలొస్తే తలుపు వెనక్కి దూరేదానివి. నా చీర కొంగు పట్టుకుని తప్ప పెళ్లిళ్లలో అడుగు వేసేదానివి కాదు. ఆ పిల్ల ఇప్పుడు ఫోన్ కెమెరాలోకి సూటిగా చూసి గడగడా చెబుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ వీడియోలో పసుపు జాకెట్టు నేను కుట్టిందే కదూ?

కానీ ఐదో వీడియో చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్ల కారుకు ఆనుకుని నిలబడి "తొంభై రోజుల్లో నా జీవితం మారిపోయింది" అన్నావు. ఆ కారు మీ అప్‌లైన్‌దట, అదే, నిన్ను చేర్పించిన పైమనిషిదట. నువ్వు ఇంకా స్కూటీ ఈఎంఐ కడుతున్నావట. మీ నాన్నే చెప్పాడు. ఎందుకే అలా?

చెయ్యొద్దని చెప్పడానికి రాయడం లేదు. చెయ్యొద్దంటే మానేసే వయసు కాదు నీది, ఆ వయసులో నేనూ ఎవరి మాటా వినలేదు. అగ్రిమెంటు కాగితం పూర్తిగా చదువు, ప్రతి దానికీ బిల్లు అడుగు, మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటారో లేదో ముందే కనుక్కో. జాయినింగ్ ఫీజు అడిగినా, మనిషిని చేర్చినందుకే డబ్బిస్తామన్నా ఆ రోజే బయటికి వచ్చెయ్. అలాంటి గొలుసులను 1978లోనే చట్టం చేసి నిషేధించారు. 2021 డిసెంబరులో మీలాంటి కంపెనీల కోసం వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ కూడా పిరమిడ్ స్కీములు, అంటే ఇలా మనుషుల్ని చేర్చే గొలుసులు, కుదరవని చెప్పాయి. చదువుకున్నదానివి, ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

నువ్వు ఒకటో రెండో తరగతిలో ఉన్నప్పుడు నేనూ ఒక కంపెనీలో చేరాను. తెనాలిలో మిషన్ కుట్టుకుంటూ, మీ మామయ్య జీతం చాలక, పిల్లల ఫీజులకు ఏదో ఒకటి చెయ్యాలని చేరాను. మొదటి మీటింగ్‌లోనే తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమన్నారు. ఇంటికొచ్చి నా కొలతల పుస్తకం తీశాను. ఛాతీ, నడుము, చేతి పొడవు రాసుకున్న పేజీల్లో ప్రతి పేరు పక్కనా పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. జాకెట్టు కుట్టించుకోవడానికి నమ్మకంగా నా ఎదుట నిలబడిన ఆడవాళ్లంతా ఒక్క రాత్రిలో నా లిస్టు అయిపోయారు.

ఆరో నెలలో నాకు 11,640 రూపాయల చెక్కు వచ్చింది. విజయవాడలో ఫంక్షన్ హాల్లో స్టేజీ ఎక్కించి, పేరు పిలిచి, చెక్కు ఎత్తి పట్టుకోమన్నారు. హాలంతా చప్పట్లు. నా పేరుకు అలా చప్పట్లు కొట్టడం నా జన్మలో అదే మొదటిసారి అమ్మలూ. ఆ సుఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే నీకు రాస్తున్నాను. మర్నాడే ఆ చెక్కు జిరాక్స్ తీసి లామినేషన్ చేయించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఎవరు కనిపించినా అదే తీసి చూపించేదాన్ని.

ఆ చెక్కు వెనక ఏముందో ఎవరికీ చెప్పలేదు. నెలాఖరు క్లోజింగ్‌లో, అంటే ఆ నెల లెక్క ముగించేటప్పుడు, కమిషన్‌కు కావలసిన పాయింట్లు తక్కువ పడుతున్నాయంటే నేనే 9,200 రూపాయల సరుకు కొన్నాను. మీటింగ్ టికెట్లు, బస్సు ఛార్జీలు, సీడీలు కలిపి 2,900. అంటే 11,640 వచ్చిన నెలలో నా చేతి నుంచి 460 పోయింది. కుట్టకుండా వదిలేసిన జాకెట్ల కూలి ఇందులో లెక్కెయ్యలేదు.

మా వీధి చివర టిఫిన్ బండి పెట్టే ఆవిడ నీకు గుర్తుందా? సెలవులకు వచ్చినప్పుడు నీకు ఉల్లి దోసె వేసిచ్చేది. ఆవిడకు చదువు రాదు. నా చెక్కు చేతిలోకి తీసుకుని, అంకెల మీద వేలు పెట్టి, "ఇదంతా ఒక్క నెలదేనా అక్కా?" అని అడిగింది. అవునన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆవిడ అడిగింది చెక్కు గురించి కాదు, బతుకు గురించి. అది నాకు తెలిసే అవునన్నాను.

రెండు గాజులు తాకట్టు పెట్టి 15,000 తెచ్చి పెద్ద ప్యాక్ తీసుకుంది. వాళ్ల చెల్లెల్ని చేర్చింది, ఇంకొకరు దొరకలేదు. ఇడ్లీ తినడానికి వచ్చే రిక్షా వాళ్లకి ప్రోటీన్ పౌడర్ ఎలా అమ్ముతుంది? డబ్బాలు అలాగే ఉండిపోయి డేటు దాటిపోయాయి. నాలుగైదు నెలల తర్వాత ఒకరోజు బండి దగ్గర నాతో అంది: "నీకు వచ్చింది కదక్కా. నాకే చేతకాలేదు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాకూ రాలేదమ్మా, నేను చూపించింది సగమే అని. చెప్పలేదు. నా కింద ఇంకా ఇద్దరు ముగ్గురు పనిచేస్తున్నారు, వాళ్లు పోతారని భయం. పరువు పోతుందని అంతకంటే భయం. "ఓపిక పట్టు, వస్తుంది" అన్నాను. మీటింగ్‌లో నేర్పిన మాటే ఆవిడ మీద వాడాను. ఆ వేసవిలో గాజులు వేలానికి వెళ్లిపోయాయి.

మూడేళ్ల తర్వాత, అన్నీ మానేశాక, వెళ్లి నిజం చెప్పాను. ఆవిడ అట్ల కాడ పక్కన పెట్టి, "అప్పుడే చెప్పుంటే ఇంకేదో అమ్మైనా గాజులు విడిపించుకునేదాన్ని కదక్కా" అంది. అంతే. తిట్టలేదు. నా ప్లేటులో చట్నీ వేసింది. కంపెనీ డబ్బా ఒకటి చాలా ఏళ్లు ఆ బండి మీదే ఉండేది, అందులో కారప్పొడి పోసుకునేది. లేబుల్ మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఎండకు వెలిసిపోయింది. రోజూ పొద్దున పాల ప్యాకెట్టుకు వెళ్తూ ఆ డబ్బా చూసేదాన్ని.

అందుకే నీ వీడియోలు చూస్తే నాకంత టెన్షన్. నేను జిరాక్స్ కాగితాన్ని వంద మందికి చూపించడానికి ఏడాది పట్టింది. నువ్వు వాట్సాప్ స్టేటస్ పెడితే సాయంత్రానికి మూడొందల మంది చూస్తారు. ఉన్నవాళ్లు చూసి పక్కకి జరిపేస్తారు. చేతిలో ఏమీ లేనివాళ్లే ఆగి చూస్తారు. నువ్వంటే ప్రాణం పెట్టే మీ ఫ్రెండ్సు, పాత ఆఫీసులో ఇంటికి డబ్బు పంపించాల్సిన పిల్లలు, వాళ్లే ముందు నమ్ముతారు.

ఎంత వచ్చిందో చెప్పాలనిపిస్తే ఎంత పెట్టావో కూడా అదే వీడియోలో చెప్పు. నువ్వే కొన్న సరుకెంత, మీటింగుల ఖర్చెంత, ఎన్ని గంటలు పెట్టావు, చివరికి చేతిలో ఎంత మిగిలింది. మీ అప్‌లైన్ ఒప్పుకోకపోతే డబ్బు గురించి అసలు మాట్లాడకు, సబ్బు గురించి మాట్లాడు. సబ్బు బాగుంటే సబ్బే అమ్ముడవుతుంది. దాని మీద నీకు కమిషన్ వస్తుందని కూడా అక్కడే చెప్పెయ్. 2022లో ప్రకటనల మీద వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది దాచకూడదు, తప్పుదారి పట్టించే ప్రకటనలు చేసినవాళ్లకు 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. కారు కనిపించే వీడియో మాత్రం ఈ రోజే తీసెయ్. అత్త మాటగా అడుగుతున్నాను.

ఇంకొకటి. "ఒక మంచి అవకాశం ఉంది, వివరాలు కావాలంటే మెసేజ్ చెయ్యండి" అని పెడుతున్నావు, కంపెనీ పేరు ఎక్కడా లేదు. మేమూ అంతే, "ఆదివారం ఒక చోటికి రా, వచ్చాక చెబుతా" అనేవాళ్లం. పేరు చెబితే రారని తెలిసే దాచేవాళ్లం. ఇప్పుడు రూల్సే ఉన్నాయి కదా, మాట మొదలుపెట్టేటప్పుడే నువ్వెవరో, ఏ కంపెనీ తరఫునో, ఎందుకు వచ్చావో అడగకుండానే చెప్పాలని. పేరు విని వెనక్కి పోయేవాళ్లని పోనీ.

మీ అమ్మ షుగర్ తగ్గిందని పెట్టిన వీడియో చూసి మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. వదిన మాత్రలు మానలేదని నాకు తెలుసు. రేపు ఎవరో నీ మాట విని మాత్రలు ఆపేస్తే ఏం చేస్తావు? షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ నయమవుతుంది అని ప్రచారం చెయ్యకూడదని 1954 నుంచే చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచు, అమ్మ రిపోర్టు వీధిలో పెట్టే వస్తువా?

నువ్వు ఆరుగురిని చేర్చు, ఆ ఆరుగురిలో ఒక్కొక్కరూ మళ్లీ ఆరుగురిని చేరుస్తారు అని మీ వాళ్లు బోర్డు మీద వేసే లెక్క ఒకసారి నువ్వే వేసి చూడు. ఏడో వరసకు 2,79,936 మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో పసిపిల్లలతో కలిపినా తెనాలి పట్టణం రెండు లక్షలు దాటలేదు. ఆ లెక్కలో చివరి వరసలో నిలబడేది ఎవరో ఒకరి టిఫిన్ బండి అక్కే.

నిన్ను బాధపెట్టాలని కాదురా. నీ మాటకు బలం ఉంది, నాకు అంత లేదు. అందుకే నా గురించి కంటే నీ గురించే ఎక్కువ భయపడుతున్నాను.

ఆ కొబ్బరి సబ్బులు నాలుగు పంపించు, బిల్లుతో సహా. డబ్బు ఫోన్‌పే చేస్తాను. నన్ను మాత్రం నీ కింద వెయ్యొద్దు, కొనుక్కునేదానిగా ఉండనీ. సంక్రాంతికి వచ్చేటప్పుడు మూడు నెలల ఖర్చు రాసిన కాగితం తీసుకురా, ఇద్దరం కూర్చుని కూడదాం. జాకెట్టు గుడ్డ కూడా తెచ్చుకో. పాత కొలతలే రాసి ఉన్నాయి, మళ్లీ తియ్యాలి.

నీ అత్త