ఐ7 సరే, ఏ ఏడాదిది?

ప్రశ్న: అన్నా, మాది గోదావరిఖని. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వాలరెంట్, జీటీఏ 5 ఆడుకోవడానికి అసెంబుల్డ్ కంప్యూటర్ కొనాలనుకుంటున్నాను. మానిటర్‌తో కలిపి 60,000 వరకు పెట్టగలను. కీబోర్డు, మౌస్ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక షాపతను 38,000కే కొటేషన్ ఇచ్చాడు. కోర్ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, రంగుల లైట్ల క్యాబినెట్, 22 అంగుళాల మానిటర్. ఇంకా 22,000 మిగులుతుంది కదా, తీసుకోమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ముందు అది వెనక్కి అడుగు.

ఆ కాగితంలో ఒక్క అబద్ధం కూడా లేకపోవచ్చు. అదే చిక్కు. ఐ7 అన్నది ఇంటిపేరు లాంటిది, పుట్టిన సంవత్సరం దాని పక్కన రాయలేదు. ఆ పేరుతో ప్రాసెసర్లు 2008 నుంచీ వస్తున్నాయి. ఈ ధరకి వచ్చేది చాలావరకు ఐ7-3770, లేదంటే ఐ7-4770. మొదటిది 2012లో, రెండోది 2013లో వచ్చాయి. ఆఫీసులు తీసేసిన పాత కంప్యూటర్లలోంచి వాటిని ఊడదీసి, పేరు ఎవరూ వినని కంపెనీల హెచ్61, హెచ్81 మదర్‌బోర్డుల మీద బిగించి, కొత్త క్యాబినెట్‌లో పెట్టి అమ్ముతారు. నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కౌంటర్ వెనక చాలాకాలం నిలబడ్డవాణ్ని. అక్కడ అమ్మేవాళ్లందరూ మోసగాళ్లు కాదు. కానీ కొనేవాడు అడగని విషయాన్ని అమ్మేవాడు తనంతట తాను చెప్పడు. షాపతనికి ఫోన్ చేసి ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ డీడీఆర్ ఎంత, గ్రాఫిక్స్ కార్డ్ మోడల్ ఏది, ఈ మూడూ అడుగు. పాత తరం డీడీఆర్3 అన్నాడంటే ఇక మాట్లాడాల్సింది లేదు.

వాలరెంట్‌తో ఇంకో గొడవ ఉంది. ఆ పాత బోర్డుల్లో సాధారణంగా టీపీఎం 2.0 అనే భద్రత చిప్ ఉండదు. విండోస్ 11కి ఇంటెల్‌లో అధికారికంగా దాదాపు 8వ తరం నుంచి పైవే పనికొస్తాయి, 3770 మూడో తరం, 4770 నాలుగో తరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. షాపువాళ్లు ఆ చెకింగ్‌ని దాటించి విండోస్ 11 ఎక్కించి ఇచ్చేస్తారు, కంప్యూటర్ చక్కగానే ఆన్ అవుతుంది. కానీ విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే ఆన్ కావాలనే సెట్టింగ్) లేకపోతే వాలరెంట్ తెరుచుకోదు. దేనికోసం కొంటున్నావో అదే ఆడదు.

ఇక 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్. 4 జీబీ అన్నది కార్డు మీద ఉన్న మెమరీ లెక్క, దాని సత్తా లెక్క కాదు. జీటీ 730 అని 2014లో వచ్చిన కార్డు ఉంది. అది మానిటర్‌లో బొమ్మ రావడానికి తప్ప గేములకి పుట్టింది కాదు. దాన్ని 4 జీబీ మెమరీతో ఇప్పటికీ అమ్ముతున్నారు. కొటేషన్లలో మోడల్ రాయకుండా ‘4 జీబీ’ అని మాత్రమే రాసేది ఎక్కువగా దీనికే. ఒకే పేరుతో రెండు సరుకులు ఉండటం పెద్ద కంపెనీల్లోనూ ఉంది. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది వేరు, 6 జీబీది వేరు. తేడా మెమరీ ఒక్కటే కాదు, 6 జీబీదాని లోపల కోర్లు కూడా తక్కువ.

నీ 60,000లో దాదాపు మూడో వంతు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు. పత్రిక అచ్చయి నీ చేతికొచ్చేలోపు రేట్లు మారతాయి కాబట్టి విడివిడిగా ధరలు రాయడం లేదు. 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద ఆడేవాడికి నేను ఇప్పటికీ చెప్పేది ఆర్‌ఎక్స్ 6600. 2021లో వచ్చింది, 8 జీబీ, 132 వాట్లు తీసుకుంటుంది, ఒక్క 8 పిన్ కనెక్టర్ చాలు. జీటీఏ 5 దానికి లెక్కలోకి రాదు. వాలరెంట్ గ్రాఫిక్స్ కార్డు కన్నా ప్రాసెసర్‌ని ఎక్కువ అడుగుతుంది.

అందుకే ప్రాసెసర్‌కి రైజెన్ 5 5600. ఆరు కోర్లు, 65 వాట్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. షాపులో ‘సార్, 5600జీ తీసుకోండి, లోపలే గ్రాఫిక్స్ ఉంది’ అంటారు. విడిగా కార్డు కొంటున్నవాడికి అది వద్దు. 5600లో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, 32 ఎంబీ, 5600జీలో 16. గేములకి ఆ తేడా తెలుస్తుంది. కార్డు ఆరు నెలల తర్వాత కొంటానంటే మాత్రం 5600జీయే సరి. ఒకటి గుర్తుంచుకో, 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు. కార్డు సర్వీసుకి వెళ్తే అన్నాళ్లూ కంప్యూటర్ ఖాళీగా కూర్చోవాల్సిందే. డబ్బు సరిపోకపోతే ఐ3-12100ఎఫ్‌కి దిగు. నాలుగు కోర్లే అయినా 2022లో వచ్చింది, కొటేషన్‌లోని ఆ పాత ఐ7ని సులువుగా దాటేస్తుంది. దానికీ సొంత గ్రాఫిక్స్ లేదు. దానికి హెచ్610 బోర్డు కొనేటప్పుడు డీడీఆర్4దా, డీడీఆర్5దా చూసుకో, రెండు రకాలూ ఉన్నాయి.

ఏదైనా బాక్స్ ప్యాక్‌లోదే తీసుకో, మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. ‘ట్రే’ అని చెప్పి విడిగా ఇచ్చేది కొంచెం చవక, కానీ దానికి వారంటీ షాపువాడి నోటిమాటే.

బోర్డు బీ550 అయితే మంచిది, బీ450 అయినా నడుస్తుంది. పాత స్టాక్ బీ450 అయితే బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇవ్వమను, లేకపోతే 5600ని గుర్తుపట్టదు.

ర్యామ్ విషయంలో నీ టైమ్ బాగాలేదు. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా పెరిగాయి. అయినా 16 జీబీ కన్నా తగ్గకు. ఒకే 16 కర్ర కాదు, 8 జీబీవి రెండు తీసుకో. రెండు కలిసి పనిచేస్తే గేములో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ 256 చాలదు, ఒక్క జీటీఏ 5కే 100 జీబీకి పైనే పోతుంది. 500 జీబీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డులో గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ) చూడు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్, అంటే అన్ని భాగాలకీ కరెంటు ఇచ్చే డబ్బా. మన దగ్గర జనం బేరమాడి తగ్గించేది దీని దగ్గరే, నాకు ఒళ్లు మండేదీ ఇక్కడే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే డబ్బా మీద పెద్ద అక్షరాలతో 500 వాట్ అని ఉంటుంది. దాన్ని పట్టించుకోకు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడు. అక్కడ 16 ఆంపియర్లు అని ఉందనుకో, 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ తినేది ఆ గడిలోంచే. 132, 65 కలిపితేనే 197. ఫ్యాన్లు, బోర్డు ఇంకా లెక్కలోకి రాలేదు. మెనూలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఆట వేడెక్కగానే టప్‌మని ఆగిపోతుంది. పోయేటప్పుడు ఒక్కోసారి బోర్డునీ వెంట తీసుకుపోతుంది. నీకు 450 లేదా 550 వాట్లది చాలు. కానీ 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లకు పైన ఉండాలి, వారంటీ మూడేళ్లకు తగ్గకూడదు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంటే మంచిదే. అయితే అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పేదే తప్ప, లోపలి భాగాల నాణ్యతకి హామీ కాదు.

డబ్బు తగ్గించుకోవాలంటే క్యాబినెట్ దగ్గర తగ్గించు. మీ రామగుండం వైపు మే నెల ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ముందువైపు గాజు పలక ఉన్నది కొన్నావంటే గాలి ఆడదు. ముందు జాలీ, దాని వెనక కడిగి పెట్టుకునే దుమ్ము ఫిల్టర్ ఉన్నది తీసుకో. బొగ్గు ధూళి ఊరిలో ఆ ఫిల్టర్ని నెలకోసారి కడగాలి. లైట్లు లేకపోయినా ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద వచ్చే బొమ్మల లెక్క) తగ్గదు. మానిటర్‌కి డబ్బు చాలకపోతే కొన్నాళ్లు ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ కలిపి ఆడుకో, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టు. ఇంట్లో సీరియల్ టైమ్ మాత్రం నువ్వే సర్దుబాటు చేసుకోవాలి.

బిల్లు జీఎస్టీతో తీసుకో, ప్రతి భాగం సీరియల్ నంబరూ దాని మీద రాయించు. డబ్బాలు పారేయకు. ఇంటికొచ్చాక మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టావా చూడు, పైనున్న బోర్డు పోర్టుకి కాదు. నాలుగు స్లాట్ల బోర్డయితే ర్యామ్ ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి స్పీడ్ చూడు. 3200 ర్యామ్ కొన్నవాడికి అక్కడ 2400 అనో 2666 అనో కనిపిస్తే, బయోస్‌లోకి వెళ్లి ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. చాలా షాపులు ఈ చిన్న పని చేయకుండానే పంపించేస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈలో చేరాడు. ల్యాప్‌టాప్ వద్దు, గేమింగ్ కంప్యూటర్ కావాలంటున్నాడు. దాంతో చదువు జరుగుతుందా? కరెంటు బిల్లు ఎంత వస్తుంది? — ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: జరుగుతుందమ్మా. కోడింగ్‌కి కావలసిన దానికన్నా ఎక్కువే అందులో ఉంటుంది. పై జవాబులో రాసిన కంప్యూటర్ ఆట నడిచేటప్పుడు మానిటర్‌తో కలిపి సుమారు 250 వాట్లు తీసుకుంటుంది. రోజుకి మూడు గంటలు ఆడితే ముప్పావు యూనిట్, నెలకి 22, 23 యూనిట్లు. ఏసీతో పోలిస్తే ఏమీ కాదు. మీరు అడగాల్సింది ఇంకొకటి ఉంది, అబ్బాయి ఇంట్లో ఉంటాడా, హాస్టల్లోనా? హాస్టలైతే ల్యాప్‌టాప్ తప్పదు. ల్యాబ్‌కీ, సెలవులకి ఇంటికీ డెస్క్‌టాప్‌ని మోసుకు తిరగలేడు. ఇంటి నుంచే వెళ్లివస్తుంటే, అదే డబ్బుకి డెస్క్‌టాప్‌లో ఎక్కువ సరుకు వస్తుంది. అబ్బాయి చెప్పింది నిజమే.

ప్రశ్న: కొత్తగా కొన్న కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోంది. చెప్పులు వేసుకుంటే తగలడం లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చాలా? — అనకాపల్లి పాఠకుడు

జవాబు: ముందు గోడ చూడండి. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు తీగలకీ, ఇనప డబ్బాకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోంచి భూమిలోకి పోవాలి. ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ లేకపోతే అది డబ్బా మీదే ఉండి మీ వేలికి తగులుతుంది. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, పాత ఇళ్లలో ఆ పై రంధ్రానికి తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చెక్ చేయించండి, గొయ్యి ఎండిపోయి ఉంటే బాగుచేయించండి. ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, న్యూట్రల్ తెగిన రోజున డబ్బా మొత్తం కరెంటే. ఎర్త్ సరిగ్గా ఉండి కూడా తగిలితే ప్లగ్ తీసేయండి. అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించాలి. ఈలోపు ఆ చెప్పుల మీద నమ్మకం పెట్టుకోకండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డ్ కొనవచ్చా? మైనింగ్‌లో వాడినవి అంటగడతారని భయంగా ఉంది. — వరంగల్

జవాబు: 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ విధానం మారి, దాన్ని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే పని (మైనింగ్) ఆగిపోయాక మైనింగ్ కార్డులు గుట్టలుగా బజార్లోకి వచ్చాయి. మైనింగ్ చేసినంత మాత్రాన కార్డు చచ్చినట్టు కాదు, ముందు పోయేవి ఫ్యాన్లూ, థర్మల్ ప్యాడ్లే. మీ ముందే అరగంట గేమ్ నడిపించి చూపించమనండి. తెర మీద చుక్కలు, గీతలు వస్తే, ఫ్యాన్ గరగరమంటే వదిలేయండి. బిల్లు మీది సీరియల్ నంబరూ, కార్డు మీదిదీ కలవాలి. ఆర్‌ఎక్స్ 580 చూపిస్తే అది 2048ఎస్‌పీ రకమా అని అడగండి. అసలు ఆర్‌ఎక్స్ 580లో 2304 షేడర్లు (బొమ్మని లెక్కగట్టే చిన్న కోర్లు) ఉంటాయి, దీనిలో 2048. డబ్బా మీద పేరు చాలాసార్లు రెండింటికీ ఒకటే, రేటు మాత్రం ఒకటి కాకూడదు. కొరియర్‌లో పంపిస్తాను, ముందు డబ్బు వేయండి అంటే మాట్లాడకండి.