మైనస్ ఇరవైలో లాగిన్ అడిగే కారు

చలికాలం మొదలవగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు రెండు గుట్టలుగా విడిపోతాయి. ఒక గుట్ట ఖమ్మం, గుంటూరు, కరీంనగర్‌ల నుంచి తల్లిదండ్రులు రాసినది. రెండోది అమెరికాలోని మినియాపొలిస్, బఫలో, షికాగోల నుంచి వాళ్ళ పిల్లలు రాసినది. రెండింటిలోనూ ప్రశ్న ఒకటే: మంచులో కారు ఆగిపోతే ఏ పరికరం కాపాడుతుంది? ఏదీ కాపాడదని ఒక్క ముక్కలో రాస్తే సంపాదకులు ఊరుకోరు కాబట్టి వివరంగా చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయి మినియాపొలిస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. ఈ మధ్యే పాత కారు కొన్నాడు. కారులో ఉంచుకోవడానికి పెద్ద పవర్ బ్యాంకు, బ్యాటరీ దిగిపోతే కారును స్టార్ట్ చేసే జంప్ స్టార్టర్ ఇక్కడ కొని, వెళ్ళేవాళ్ళతో పంపాలనుకుంటున్నాం. ఎన్ని ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం) ఉండాలి? (ఒక తల్లి, ఖమ్మం)

పంపకండమ్మా. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు. చేతి సంచిలోనూ మామూలుగా 100 వాట్-అవర్ల వరకే అనుమతి, అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్. జంప్ స్టార్టర్‌ను చూస్తే విమానాశ్రయంలో ఇంకా పేచీ పెడతారు. తీసుకెళ్ళే పెద్దమనిషిని క్యూలో నిలబెట్టి ఇబ్బంది పెట్టడం తప్ప దీనివల్ల ఒరిగేదేమీ లేదు. మీ అబ్బాయి ఉన్న ఊళ్ళోనే అవి దొరుకుతాయి.

ఎంఏహెచ్ ఎంత అని అందరూ అడుగుతారు. దాన్ని ఎక్కడ ఉంచాలని ఒక్కరూ అడగరు. లిథియం అయాన్ బ్యాటరీకి చలి పడదు. లోపలి ద్రవం చిక్కబడి, అయాన్ల కదలిక మందగిస్తుంది. మైనస్ 20 డిగ్రీల్లో రాత్రంతా డిక్కీలో పడి ఉన్న పవర్ బ్యాంకు మీద ఎంత అంకె ముద్రించి ఉన్నా, అవసరానికి అందులో కొంతే చేతికి వస్తుంది. అంతకన్నా పెద్ద తప్పు, అలా గడ్డకట్టిన దాన్ని వెంటనే చార్జింగ్ పెట్టడం. సున్నా డిగ్రీలకు దిగువన చార్జ్ చేస్తే లిథియం లోహంగా మారి ఎలక్ట్రోడు మీద పొరలా పేరుకుంటుంది. ఆ నష్టం శాశ్వతం, ముదిరితే లోపల షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చు. మంచి పరికరాలు చలిలో చార్జింగ్ తీసుకోవడానికి నిరాకరిస్తాయి. చవకరకం పరికరాలకు ఆ తెలివి ఉండదు. కాబట్టి పవర్ బ్యాంకును పుస్తకాల సంచిలో వేసుకొని రోజూ తనతో పాటు ఇంట్లోకి తీసుకెళ్ళమనండి.

టార్చిలైటులో మామూలు ఆల్కలైన్ సెల్లు వద్దు. రీచార్జ్ చేయడానికి వీలుకాని 1.5 వోల్టుల లిథియం సెల్లు ఉంటాయి. అవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి. కొంచెం ఖరీదు, కానీ ఈ ఒక్కచోట పిసినారితనం వద్దు. ఇంకో కారు బ్యాటరీకి తగిలించి మన కారును స్టార్ట్ చేసే జంపర్ కేబుళ్ళు కూడా ఉండాలి. కారులోని లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 18 దగ్గరికి వచ్చేసరికి ఇంజనును తిప్పే బలంలో సగం దాకా కోల్పోతుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఆ ఇంజను మరింత బలం అడుగుతుంది. కేబుళ్ళకు పక్కన ఇంకో కారు కావాలన్న మాట నిజమే గానీ, రాగి తీగకు చార్జింగ్ అక్కర్లేదు. మిగిలిన సరంజామాకు నాలాంటి వాడి సలహా అనవసరం: రెండు ఉన్ని దుప్పట్లు, మేజోళ్ళు, చిన్న పార, టైర్ల కింద చల్లడానికి కాస్త ఇసుక, గడ్డకట్టినా పగలకుండా కొంత వెలితిగా నింపిన నీళ్ళ సీసాలు. మీరు పంపి తీరాలనుకుంటే పల్లీపట్టీలు పంపండి. వాటికి ఏ విమానంలోనూ వాట్-అవర్ల లెక్క లేదు.

ప్రశ్న: బయట చలిలో నా ఫోను 35 శాతం చార్జింగ్ ఉండగానే ఆగిపోతోంది. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ బాగానే ఉందంటున్నారు. ఇలాగైతే అత్యవసరంలో ఎలా? (ఒక విద్యార్థి, బఫలో)

వాళ్ళు నిజమే చెప్పారు. చలికి బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. మీరు కెమెరా తెరిచినా, ఫోన్ చేసినా ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగడంతో వోల్టేజి పడిపోతుంది. ఫోను తనను తాను ఆపేసుకుంటుంది. ఆ 35 శాతం ఎక్కడికీ పోలేదు, వెచ్చబడ్డాక తిరిగి కనిపిస్తుంది. ఫోనును కోటు బయటి జేబులో కాక చొక్కా జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు మీద స్టాండుకు తగిలించి వదిలేయకండి. హీటరు గాలికి ఎదురుగా పెట్టి ఒక్కసారిగా వేడెక్కించనూ వద్దు, లోపల చెమ్మ పడుతుంది.

మంచులో ఇరుక్కున్నప్పుడు ముందు అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. మీ ప్లాన్ గడువు ముగిసినా, అసలు సిమ్ లేకపోయినా అమెరికాలో ఆ కాల్ వెళ్ళాలి. మీ స్థానం అంచనా కూడా వాళ్ళకు దానంతట అదే చేరుతుంది. మాట సరిగా అందకపోతే చాలా ప్రాంతాల్లో 911కు ఎస్సెమ్మెస్ కూడా పంపవచ్చు. ఆ తర్వాత ఇంటికి ఒక్క ఎస్సెమ్మెస్. అంతే.

ఇక్కడ మన కుటుంబాల గురించి ఒక మాట. ఇరుక్కున్న పిల్లాడు నలభై మంది ఉన్న బంధువుల గ్రూపులో లైవ్ లొకేషన్ పెడతాడు. అయిదు నిమిషాల్లో పెదనాన్న, మేనత్త, మేనత్త తోడికోడలు వరసగా వీడియో కాల్ చేస్తారు. అందరిదీ ప్రేమే. కానీ ఫోనును తినేసేది చలికన్నా ఆ ప్రేమే ఎక్కువ. ఒక్కరికి చెప్పండి, మిగిలినవాళ్ళకు వాళ్ళు చెబుతారు. ఆ తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి మాత్రం తెరవండి. సిగ్నల్ అందనిచోట ఫోను టవరు కోసం వెతుక్కుంటూనే సగం బ్యాటరీ కాజేస్తుంది.

ప్రశ్న: కారులో వాడటానికి ఇంట్లోని కార్బన్ మోనాక్సైడ్ అలారాన్నే తీసుకెళ్ళవచ్చా? (షికాగో నుంచి)

వద్దు. దాని డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. ఇంటి అలారాలు సాధారణంగా 4 నుంచి 38 డిగ్రీల మధ్య పనిచేసేలా తయారవుతాయి. వాహనాల కోసమే, చలికి తట్టుకునేలా చేసినవి వేరే దొరుకుతాయి. ఈ ప్రశ్న అడిగినందుకు మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఈ విషవాయువుకు రంగూ వాసనా లేవు. పాకిస్తాన్‌లోని ముర్రీ అనే కొండ ప్రాంతంలో 2022 జనవరిలో మంచులో చిక్కుకున్న వాహనాల్లో 20 మందికి పైగా చనిపోయినప్పుడు కారణాల్లో దీని పేరు ప్రముఖంగా వినిపించింది. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు పేరుకుంటే పొగ తిరిగి లోపలికే వస్తుంది. ముందు దిగి ఆ గొట్టం దగ్గర మంచు తవ్వాలి, తర్వాతే ఇంజను వేయాలి. అదీ గంటకు పది నిమిషాలు, గాలి కొట్టని వైపు అద్దం కొద్దిగా దించి. మంచు కురుస్తున్నంతసేపూ, ఇంజను వేసే ప్రతిసారీ ఆ తవ్వకం తప్పదు. అలారం ఉంది కదా అని పారను వదిలేయకండి.

ప్రశ్న: నేను కొన్న పాత కారులో ఫోనుతోనే తలుపు తీయడం, ఇంటి నుంచే ఇంజను స్టార్ట్ చేసి లోపల వెచ్చబరచడం వంటి సదుపాయాలు ఉన్నాయట. యాప్‌లో నమోదు చేయబోతే ‘ఈ వాహనం ఇప్పటికే నమోదై ఉంది’ అంటోంది. ఏం చేయాలి? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డెట్రాయిట్)

ఈ నెల వచ్చిన అన్ని ఉత్తరాల్లోనూ నన్ను భయపెట్టింది ఇదే. మీకు ఇది చిన్న చికాకులా కనిపిస్తోంది. దాని అసలు అర్థం, మీ కారు తాళం ఇంకా పాత యజమాని జేబులో ఉందని. కొన్ని కార్లలో అతను తన సోఫాలో కూర్చొనే మీ కారు ఎక్కడుందో చూడగలడు, తలుపు తీయగలడు, హారన్ మోగించగలడు. మీరు ఏ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారో, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారో అతనికి తెలుస్తుంది. అతను మంచివాడే కావచ్చు. అతని పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పడిందో అతనికీ తెలియదు.

సాయంత్రం దాకా ఆగకుండా, ఇప్పుడే తయారీ సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. కొనుగోలు పత్రం, చాసిస్ నంబరు చూపించి పాత ఖాతాను తొలగించమనండి. కారు తెరలోని సెట్టింగ్‌లలోకి వెళ్ళి మొత్తం చెరిపేసి, కొత్తదానిలా మార్చండి. పాత యజమాని ఫోనుబుక్కు, ఇంటి చిరునామా కూడా అందులో ఉంటాయి. అతని గ్యారేజి తలుపు తీసే మీట కూడా ఉంటే చెరిపేయండి, అది మీరు అతనికి చేసే మర్యాద. కారు అమ్మేవాళ్ళు ఇదే పనిని తాళాలు ఇచ్చేముందే చేయాలి. ఎవరూ చేయరు. డీలర్లు అసలే చేయరు.

మీరు నమోదు చేసుకునేటప్పుడు ఇండియా ఫోను నంబరు ఇవ్వకండి. బ్యాంకు ఓటీపీల కోసమని చాలామంది ఆ సిమ్‌ను బతికించుకుంటారు, కారుకూ అదే ఇచ్చేస్తారు. మంచు తుపానులో కొత్త ఫోనులో యాప్ మళ్ళీ లాగిన్ అడుగుతుంది, ఓటీపీ విజయవాడలో సొరుగులో ఉన్న సిమ్‌కు వెళుతుంది. ఇది నేను అల్లిన కథ కాదు, నా బంధువుల ఇంట్లోనే జరిగింది. ఆ రాత్రి ఆ అమ్మాయి పక్కింటి తలుపు తట్టింది. పక్క ఇల్లు ఉండబట్టి సరిపోయింది.

మాట వచ్చింది కాబట్టి కడుపులో ఉన్నదంతా చెప్పేస్తాను. తలుపు పిడి బయటికి కనబడితే అందం చెడుతుందని దాన్ని కారు ఒంట్లోకి దాచేశారు. రాత్రి వానపడి గడ్డకడితే ఆ పిడి బయటికి రానంటుంది. తాళంచెవిని తీసేసి ఫోను ఇచ్చారు. చలికి ముందుగా చచ్చేది ఫోనే. కొన్ని కార్లలో దూరం నుంచి ఇంజను వేయడానికి నెలనెలా చందా కట్టాలి. చందా గడువు మంచుకురిసే రోజే ముగిస్తే ఆ రోజు చలికి ఒక ధర పలుకుతుందన్నమాట. 2022లో అమెరికా టెలికాం సంస్థలు 3జీ సేవలను మూసేశాయి. ప్రమాదం జరిగితే తనంతట తానే సాయానికి ఫోన్ చేసే సదుపాయం ఎన్నో కార్లలో దాంతో మూగబోయింది. ఇంజను బాగానే ఉంది, ఎయిర్ బ్యాగులు బాగానే ఉన్నాయి, నెట్‌వర్క్ పోయింది. పదిహేనేళ్ళు నడిచే వస్తువుకు అంతకన్నా ముందే పోయే నెట్‌వర్క్‌ను ముడిపెట్టినవాళ్ళను ఎవరూ అడగలేదు.

మీ ప్రశ్నకు మళ్ళీ వస్తున్నాను. రిమోట్ పరికరం లోపల చిన్న లోహపు తాళంచెవి దాగి ఉంటుంది. ఇవాళే బయటికి తీసి, ఏ తలుపుకు పడుతుందో చూసుకోండి. రిమోట్‌లోని బటన్ సెల్ కూడా మార్చండి. ఇంటికి ఆనుకొని ఉన్న గ్యారేజిలో కారు ఉంటే మాత్రం యాప్‌తో ఇంజను వేయవద్దు. గ్యారేజి తలుపు తెరిచి ఉన్నా సరే, పొగ ఇంట్లోకే వస్తుంది.

ప్రశ్న: జనవరిలో లేహ్‌కు విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకొని పాంగాంగ్ సరస్సు చూడాలనుకుంటున్నాం. మా బావగారు అమెరికా నుంచి వస్తూ, టవర్లు లేనిచోట ఉపగ్రహంతో సందేశాలు పంపే పరికరం తెస్తానంటున్నారు. మంచిదేనా? (హైదరాబాద్ నుంచి)

తేవద్దని ఈ రాత్రే చెప్పండి. కేంద్ర అనుమతి లేకుండా అలాంటి పరికరాన్ని మన దేశంలో ఉంచుకోవడం నేరం. తెలియక తెచ్చిన విదేశీ పర్యాటకులు విమానాశ్రయాల్లో పట్టుబడ్డారు. బావగారి సెలవులు పోలీసుస్టేషన్‌లో గడవకూడదు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటి తీసుకోండి. మ్యాపులను ముందే ఫోనులోకి దింపుకోండి.

మీరు అడగలేదు గానీ, బండి డీజిల్‌దైతే డ్రైవరును ఒక్క మాట అడగండి: ట్యాంకులో ఉన్నది చలికాలపు డీజిలేనా? మామూలు డీజిల్ ఆ చలికి మైనంలా పేరుకుపోతుంది. మైనస్ 33 డిగ్రీల దాకా పేరుకోని రకాన్ని ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం తెచ్చింది. అంతకుముందు కిరోసిన్ కలుపుకొని నెట్టుకొచ్చేవారు. ఆయన అవునంటే బండెక్కండి.