టెక్ సందేహాలు: గ్లిచ్‌తో ఉచ్చు పన్నబోతే

సిరిమాను చూడటానికి విజయనగరంలో చుట్టాలు దిగారు, పిల్లలంతా ఒకచోట చేరి ఫోన్లలో ఆడారు, గొడవపడ్డారు. ఇప్పుడు నాకు రాస్తున్నారు. ఈ వారం వచ్చిన మెయిళ్లలో ఎక్కువ భాగం ఆటలోని లోపాన్ని (అదే గ్లిచ్) వాడుకుని ఎదుటివాణ్ణి ఉచ్చులో పడేయడం గురించే.

*రాజాంలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో నలుగురం మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులు పేర్చి కట్టే ఆట) ఆడతాం. వీడియో చూసి, నేల జారిపోయే ఉచ్చు అచ్చం అలాగే కట్టాను. బ్లాకులను నెట్టే పిస్టన్ కదలడం లేదు. నా ఫోన్ స్లో కావడం వల్లా?*

ఫోన్ తప్పేమీ లేదు. వీడియో చేసినతను కంప్యూటర్‌లో జావా ఎడిషన్ ఆడుతున్నాడు, మీ ఫోన్లో ఉన్నది బెడ్‌రాక్ ఎడిషన్. జావాలో పిస్టన్‌కి ఒక వింత గుణం ఉంది. తన పైగడికి రెడ్‌స్టోన్ కరెంటు (ఆటలో యంత్రాలను నడిపేది) అందినా తనకే అందినట్టు లెక్కేస్తుంది. కానీ ఆ సంగతి దానికి వెంటనే తెలియదు. పక్కన ఏదో ఒక బ్లాక్ మారాలి. అంతవరకూ ఊరికే కూర్చుంటుంది, మీ స్నేహితుడు పక్క రాయి తవ్వగానే ఉలిక్కిపడి లేస్తుంది. దీన్నే క్వాసీ కనెక్టివిటీ అంటారు. 2011లో పిస్టన్లు వచ్చినప్పటి నుంచీ ఉంది. ఆటగాళ్లు దాని మీద ఎన్నో యంత్రాలు కట్టేశారు, చివరికి ఆట తయారుచేసినవాళ్లే ఇది ఇలాగే ఉంటుందని తేల్చేశారు. బెడ్‌రాక్‌లో మాత్రం అది లేదు.

మీరు అబ్జర్వర్ వాడండి. దాని ముఖం స్నేహితుడు తవ్వబోయే బ్లాక్ వైపు పెడితే, బ్లాక్ మారగానే వెనక నుంచి సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్ రెప్పపాటే ఉంటుంది కాబట్టి, నెట్టిన బ్లాకును తిరిగి లాక్కొచ్చే స్టికీ పిస్టన్ పెడితే తెరిచిన నేలను మళ్లీ మూసేస్తుంది. మామూలు పిస్టన్ అయితే నేల పలకను పక్కకు నెట్టి, తానొక్కటే వెనక్కి వస్తుంది, గుంత మిగులుతుంది. పలక జరగడానికి అవతల చోటు వదలండి. ఇంకా తేలికైంది ఇసుక. ఆటలో ప్రపంచం తయారైనప్పుడు గాల్లో మిగిలిపోయిన ఇసుక, పక్కన ఏదైనా కదిలేదాకా కింద పడదు. అలాంటి చోటు కనిపెట్టినవాడికి ఏ వైరింగూ అక్కర్లేదు. ఇలా ఆటను గమనించి పన్నిన ఉచ్చులంటే నాకు నిజంగా ఇష్టం.

*మా గుంటడు తొమ్మిదో తరగతి. అన్నయ్యల్ని ఆటలో పడగొట్టాలని ఏదో గ్రూపులో వచ్చిన ‘గ్లిచ్ మెనూ’ ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట దొరికే యాప్) నా ఫోన్లో వేశాడు. అప్పట్నుంచి నేను తెరవని మెసేజ్‌లు కూడా చదివినట్టు కనిపిస్తున్నాయి. నా బ్యాంకు, యూపీఐ అన్నీ అందులోనే ఉన్నాయి. ఏటి చెయ్యాలి? (పలాస నుంచి ఒక తల్లి)*

అమ్మా, ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఆపండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి చెయ్యండి, ఒక్క గంట కూడా ఆలస్యం వద్దు. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండుచోట్లా ఆ యాప్‌కి ఇచ్చిన అనుమతి తీసేసి, యాప్‌ను తొలగించండి. నేనైతే అక్కడితో ఆగను. ఫోటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తాను. పాస్‌వర్డ్‌లు మాత్రం వేరే ఫోన్లో మార్చండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఆ యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివారికి సాయంగా పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్ చేతిలో పడితే తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు బటన్లు నొక్కుతుంది. బయటి నుంచి వేసిన యాప్‌లకు దాన్ని సులువుగా ఇవ్వకుండా ఆండ్రాయిడ్ 13 నుంచి అడ్డం పెట్టారు. ఇలాంటి మెనూలు పంచేవాళ్లు మొదట నేర్పేది ఆ అడ్డం తీయడమే. ఆటలో గోడ దాటడానికి మీ ఓటీపీతో ఏం పని?

కంప్యూటర్‌లో ఆడే పిల్లలూ ఇది చదవాలి. 2023 జూన్‌లో కర్స్‌ఫోర్జ్ లాంటి పేరున్న మోడ్‌ల (ఆటకు అదనంగా వేసుకునే మార్పుల) సైట్‌లోనే ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్, అంటే దొంగ ప్రోగ్రామ్, బయటపడింది. బ్రౌజర్‌లో దాచుకున్న లాగిన్ వివరాలు ఎత్తుకుపోయేది. 2021 డిసెంబరులో అయితే ఫైల్ కూడా అక్కర్లేకపోయింది. ఆట లోపల వాడిన లాగ్4జే అనే సాఫ్ట్‌వేర్ భాగంలోని లోపం వల్ల జావా ఎడిషన్ చాట్‌లో ఒక్క లైను టైప్ చేసి అవతలి కంప్యూటర్‌లో తమ ప్రోగ్రామ్ నడిపించగలిగారు. తీవ్రతలో దానికి 10కి 10 ఇచ్చారు. 1.18.1 అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. పాత వెర్షన్‌లో గ్లిచ్ బతికుందని అప్‌డేట్ ఆపేసుకునే కుర్రాళ్లు నాకు గర్వంగా రాస్తుంటారు. గ్లిచ్‌తో పాటు ఆ తలుపు కూడా తెరిచి పెట్టుకున్నారేమో చూసుకోండి బాబూ.

అమ్మా, పిల్లాణ్ణి మరీ తిట్టకండి. పాఠాలు, ఆటలు, డ్వాక్రా డబ్బు, జీడిపప్పు బేరం, అన్నీ ఒక్క ఫోన్ మీదే నడిచే ఇళ్లు మనవి. ఒకే ఫోన్లో పిల్లలకు వేరే యూజర్ ఖాతా పెట్టే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో ఎప్పటి నుంచో ఉంది. కొన్ని చవక ఫోన్లలో దాన్నే తీసేసి అమ్ముతున్నారు. ఇంటిల్లిపాదీ పంచుకునేది ఆ చవక ఫోన్‌నే కదా! ఎవరికి అవసరమో వాళ్ల దగ్గర తీసేయడం ఏం న్యాయం? పైగా చాలా చవక ఫోన్లకు కొన్నేళ్లకే సెక్యూరిటీ అప్‌డేట్లు నిలిచిపోతాయి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో పెట్టె మీద పెద్దక్షరాలతో వేస్తారు, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో వెయ్యరు. అది వేసేదాకా నేను ఇది రాస్తూనే ఉంటాను.

*మైన్‌క్రాఫ్ట్‌లో టీఎన్‌టీని (పేలుడు బ్లాకును) నకలు తీసే గ్లిచ్ మా సర్వర్‌లో పనిచేయడం లేదు. దారి చెప్పండి. (బొబ్బిలి)*

సర్వర్ నడిపేవారు బహుశా పేపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. అందులో ఆ నకలు ముందే ఆపేసి ఉంటుంది. సెట్టింగ్ మార్చాల్సింది వాళ్లే, అడిగి చూడండి. ఒప్పుకోకపోతే ఒక్కోదానికి 5 గన్‌పౌడర్, 4 ఇసుక చొప్పున పోగుచేసుకుని తయారుచేసుకోండి.