ఆరో తరగతి పిల్లని స్క్రిప్స్ స్పెల్లింగ్ బీకి ఎలా సిద్ధం చేయాలి?

అమెరికాలో బడి పిల్లలకి జరిగే ఈ జాతీయ ఇంగ్లిష్ స్పెల్లింగ్ పోటీ ఫైనల్స్ టీవీలో చూసి మీ అమ్మాయి తనూ వెళ్తానంటోందని, రోజుకి వంద పదాలు బట్టీ పట్టిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ.

ముందు బడి ఈ ఏడాదికి స్క్రిప్స్‌లో నమోదైందో లేదో కనుక్కోండి. బడి పోటీ గెలిస్తే ప్రాంతీయ పోటీ, అదీ గెలిస్తే మే నెలాఖర్లో జాతీయ పోటీ. బడే చేరకపోతే పిల్ల ఎంత చదివినా లాభం లేదు. ఎనిమిదో తరగతి దాటితే అర్హత పోతుంది.

మొదట స్క్రిప్స్ ఇచ్చే 4,000 పదాల జాబితా పూర్తి చేయించండి. పైకి వెళ్లేకొద్దీ మెరియమ్-వెబ్‌స్టర్ అన్‌అబ్రిడ్జ్‌డ్ డిక్షనరీలోంచి ఏ మాటైనా అడగొచ్చు. అది బట్టీకి లొంగేది కాదు, అక్కడ ఆదుకునేవి ధాతువులే, అంటే గ్రీకు, లాటిన్ లాంటి భాషల నుంచి వచ్చిన పదమూలాలు. 2023లో దేవ్ షాని గెలిపించిన 'psammophile' అనే మాట చెవికి దాదాపు 'సామఫైల్' అని వినిపిస్తుంది. మొదట్లో పలకని 'పి' ఉంది, మధ్యలో రెండు 'ఎం'లున్నాయి, ఆ తర్వాతి 'ఓ' ఎటూ తేలని 'అ'లా వినిపిస్తుంది. గ్రీకులో ఇసుకకి 'సామో' అని, దాని ముందు 'పి' ఉంటుందని తెలిసిన పిల్లవాడికి ఇందులో చిక్కే లేదు.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు కూడా ఇక్కడే ఉంది. మనం ప్రతి అచ్చునీ నిండుగా పలుకుతాం. అదే మాటని 'సామ్మోఫైల్' అని చదివామంటే 'ఎం'లు, 'ఓ' మనమే అందించేసినట్టు. ఇంట్లో అన్నీ సరిగ్గా చెప్పిన పిల్ల వేదిక మీద ఆ నలిగిన అచ్చు దగ్గరే తడబడుతుంది. కాబట్టి పదాలు మీరు చదవొద్దు, డిక్షనరీ సైట్‌లోని ఆడియో వినిపించండి.

తప్పిన ప్రతి మాటనీ నోట్‌బుక్‌లో ఎక్కించి, పక్కన కారణం రాయించండి: పలకని అక్షరమా, జంట అక్షరమా, అచ్చా, మాట పుట్టిన భాషా? పదిహేను రోజుల్లో తన బలహీనత ఎక్కడో తేలిపోతుంది. అర్థం కూడా రాయాలి, 2021 నుంచి అర్థాల రౌండ్ ఉంది మరి.

మైకు ముందు 90 సెకన్లిస్తారు. అర్థం, మాట పుట్టిన భాష, వాక్యం, వేరే ఉచ్చారణ, అన్నీ అడగడం అలవాటు చేయండి. ధాతువు గురించైతే భాష, ధాతువు, అర్థం మూడూ తనే చెప్పి 'దీన్నుంచేనా?' అని అడగాలి. నోటినుంచి వచ్చిన అక్షరం మార్చుకోవడానికి వీల్లేదు. 2025 ఫైనల్లో ఫైజాన్ జాకీ ఏమీ అడక్కుండా 'కామెలైనా' (commelina) అనే మాటని 'కె-ఎ-ఎం' అని మొదలెట్టేశాడు. దాని మొదలు 'సి-ఓ'. మిగతా ఇద్దరూ తప్పారు కాబట్టి పోటీలో నిలిచి, చివరికి గెలిచాడు.

వేదిక భయం పోవాలంటే నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీలకి పంపండి. అమెరికాలోని మన పిల్లలకి స్పెల్లింగ్ లాంటి పోటీలు పెట్టే ఆ సంస్థని చిట్టూరి రత్నంగారు 1989లో స్థాపించారు. 2024లో బృహత్ సోమ 90 సెకన్లలో 30 మాటలకి 29 సరిగ్గా చెప్పిన స్పెల్-ఆఫ్ (విజేతని తేల్చడానికి గబగబా స్పెల్లింగులు చెప్పించే రౌండ్) సాధన మాత్రం ఇప్పుడే వద్దు. పునాది లేని వేగం తప్పుల్నే అలవాటు చేస్తుంది. అది ఎనిమిదో తరగతిలో చూసుకోవచ్చు.