నల్లజాతి బొగ్గు గని కార్మికులకు భద్రతా శిక్షణ సమానంగా అందిందా?

అమెరికాలో నల్లజాతి బొగ్గు గని కార్మికులకు భద్రతా శిక్షణ తెల్లవారితో సమానంగా అందేదా, లేక వారు పనిలోనే నేర్చుకోవలసి వచ్చేదా అని మీరు అడిగారు. చాలాకాలం సమానంగా అందలేదన్నదే నా జవాబు. మైనింగ్ డిప్లొమాతో గోదావరిఖని ప్రాంతంలో కొన్నేళ్లు ఓవర్‌మన్‌గా (గని లోపలి పని పర్యవేక్షకుడిగా) పనిచేసి, పైచదువుకు వెస్ట్ వర్జీనియా వెళ్లి అక్కడ కూడా బొగ్గు బాయి (గని) దిగినవాడిని కనుక, చదివినదానికి నేను చూసినదీ కలిపి చెబుతాను.

మొదట్లో శిక్షణ అన్న మాటే లేదు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్ దగ్గరి బొగ్గు గనిలో బాలకార్మికుడిగా పనిచేసి, తర్వాత పేరొందిన నల్లజాతి విద్యావేత్త అయిన బుకర్ టి. వాషింగ్టన్, లోపలి చీకటిలో దారి తప్పడానికి ఎంత భయపడేవాడో తర్వాత రాసుకున్నాడు. వర్జీనియాలోని హాంప్టన్‌లో నల్లవారికి ఒక బడి ఉందన్న సంగతి ఆయన చెవిన పడింది కూడా ఆ గనిలోనే. అలబామాలో పరిస్థితి మరీ ఘోరం. అక్కడ ఖైదీలను గనులకు అద్దెకిచ్చేవారు. 1911 ఏప్రిల్‌లో బానర్ గని పేలి 128 మంది చనిపోతే, వారిలో అత్యధికులు నల్లజాతి ఖైదీలే. ఇష్టం లేదని గని వదిలిపోలేని మనిషికి జాగ్రత్తలు నేర్పాలని ఎవరికీ తోచలేదు. ఆ పద్ధతి 1928 దాకా సాగింది.

1907లో వెస్ట్ వర్జీనియాలోని మొనాంగా గనిలో పేలుడు జరిగి 362 మంది మరణించడం వంటి ప్రమాదాల తర్వాత, 1910లో ఫెడరల్ ప్రభుత్వం గనుల భద్రత కోసం బ్యూరో ఆఫ్ మైన్స్ అనే సంస్థను ఏర్పాటు చేసింది. ప్రథమ చికిత్స, రక్షణ జట్ల శిక్షణ, జట్ల మధ్య పోటీలు క్రమంగా వ్యాపించాయి. అయితే దక్షిణాదిలో అవి కూడా తెల్లవారిని, నల్లవారిని వేరుచేసే రంగు గీతకు లోబడే నడిచాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయం నల్లజాతి విద్యార్థులకు తలుపులు మూసి ఉంచిన ఆ రోజుల్లో, 1930ల చివరి నాటికి నల్లజాతివారి కళాశాల అయిన వెస్ట్ వర్జీనియా స్టేట్ కాలేజీ నల్లజాతి కార్మికుల కోసం మైనింగ్ ఎక్స్‌టెన్షన్ (కళాశాల బయటి) తరగతులు నడిపింది. పాఠం నేర్చినంత మాత్రాన పదోన్నతి వచ్చేది కాదు. నల్లజాతి ఫోర్‌మన్, అంటే పని చేయించే పైఅధికారి, అరుదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే: ప్రమాదాన్ని గుర్తుపట్టగలిగినవాడికి పని ఆపించే అధికారం లేకపోతే ఆ శిక్షణ సగమే.

వెస్ట్ వర్జీనియాలోని సాగో గని ప్రమాదం జరిగిన మరుసటి ఏడాది, 2007లో, నేను కొత్త కార్మికుల శిక్షణలో కూర్చున్నాను. పద్నాలుగు మందిమి ఉన్నాం. ఆ గదిలో నల్లజాతి మనిషి మాకు పాఠం చెప్పే పెద్దాయన ఒక్కడే. ఆయన తండ్రి అదే రాష్ట్రంలోని మెక్‌డోవెల్ కౌంటీలో చేత్తో బొగ్గు ఎత్తిన లోడర్, అంటే మన కోల్ ఫిల్లర్ లాంటివాడు. నమూనా గనిలో ఆయన నా చేతికి గడ్డపార ఇచ్చి, ఎడమ అరచేతిని పైకప్పుకు ఆనించి కుడిచేత్తో కొట్టమన్నాడు. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైన బండ డొల్లగా మోగుతుంది, అది మోగేలోపే అరచేతికి అదురు తెలుస్తుంది. ఇది మా దగ్గర పాత ఫిల్లర్లకు తెలిసిన విద్యే, కాని నేను మాటల్లో పడి చెయ్యి తీసేశాను. ఆయన విసుక్కోకుండా మూడుసార్లు మళ్లీ కొట్టించాడు. తన తండ్రి దగ్గర ఈ చప్పుడు నేర్చుకున్న తెల్ల కుర్రాళ్లలో ఇద్దరు తర్వాత ఆ తండ్రికే ఫోర్‌మన్లయ్యారని మధ్యాహ్నం భోజనాల దగ్గర మామూలుగా చెప్పాడు.

చట్టపరంగా సమానత్వం 1977 నాటి గనుల చట్టంతో వచ్చింది. భూగర్భ గనిలో కొత్తగా చేరేవారికి 40 గంటలు, ఉపరితల గనిలో 24 గంటలు, ఆపై ఏటా 8 గంటలు శిక్షణ తప్పనిసరి, ఆ గంటలకు మామూలు జీతం ఇవ్వాలి. శిక్షణ లేని కార్మికుణ్ని ఇన్‌స్పెక్టర్ బయటికి పంపిస్తే ఆ కాలానికి జీతం కోయకూడదు. రంగుతో నిమిత్తం లేదు. కాని 1930ల నుంచి లోడింగ్ యంత్రాలు, తర్వాత కంటిన్యువస్ మైనర్లు (బొగ్గును కోసి ఎత్తే యంత్రాలు) ముందుగా ఊడగొట్టింది చేత్తో ఎత్తే పనులనే, నల్లజాతివారిని ఎక్కువగా ఉంచింది ఆ పనుల్లోనే. అందువల్ల జీతంతో కూడిన ఆ 40 గంటల హక్కు చేతికి వచ్చేనాటికి వారిలో చాలామంది డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ లాంటి ఊళ్లకు వలస వెళ్లిపోయారు.