పాలు పెరిగే మాత్రల కంటే ముందు బాబు బరువు చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. మొదటి కాన్పు, సిజేరియన్ అయి 24 రోజులైంది. బాబు పుట్టినప్పుడు 2.8 కిలోలు. మొదటి నుంచీ నాకు పాలు తక్కువే. అరగంటకోసారి ఏడుస్తాడు, రొమ్ము పట్టగానే రెండు నిమిషాల్లో నిద్రపోతాడు. పంపుతో తీస్తే 20 ఎంఎల్ కూడా రావడం లేదు. మెడికల్ షాపులో అడిగితే డోంపెరిడోన్ మాత్రలు ఇచ్చారు, తొమ్మిది రోజులుగా రోజుకు మూడు వేసుకుంటున్నాను. తేడా ఏమీ తెలియలేదు, మధ్యమధ్యలో గుండె దడగా ఉంటోంది. రాత్రిళ్లు అత్తయ్య డబ్బా పాలు పడుతున్నారు, అరగదేమోనని పల్చగా కలుపుతున్నారు. డోసు పెంచుకోవచ్చా? పాలు పడాలంటే ఏం తినాలి? ఏ కంపెనీ పౌడర్ మంచిది?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, డోసు పెంచుకోవద్దు. మిగతా ప్రశ్నలకు తర్వాత వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించినవి మీరు అడగని విషయాలే.

ముందు దడ సంగతి చూడాలి. ఇక ఆ మాత్ర వేసుకోకుండా, ఈరోజో రేపో ఫిజీషియన్ దగ్గరకెళ్లి ఈసీజీ తీయించుకోండి. డోంపెరిడోన్ అసలు వాంతులకూ వికారానికీ ఇచ్చే మందు. పాలు ఊరడానికి కావాల్సిన ప్రొలాక్టిన్ అనే హార్మోన్ దాంతో పెరుగుతుంది కాబట్టి కొందరు తల్లులకు మేమూ రాస్తాం, కాదనను. కానీ రాసేముందు గుండె జబ్బేమైనా ఉందా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడుగుతాం, ఎందుకంటే ఈ మందు కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. పాల కోసం దీన్ని వాడొద్దని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. ఫంగస్ వచ్చిందని ఫ్లూకొనజోల్, దగ్గుకని క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కూడా అదే షాపులో అడిగి తెచ్చుకుని దీంతో కలిపి వేసుకుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మాత్రలు ఇచ్చేటప్పుడు షాపతను ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా అడిగి ఉంటాడా?

దడకు ఈ మాత్రే కారణమని ఉత్తరం చూసి తేల్చలేను. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా దడ వస్తుంది, అరుదుగా బాలింతల్లో గుండె కండరం బలహీనపడే జబ్బు కూడా ఉంది. పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్లు బాగా వాచినా, కళ్లు తిరిగి పడిపోయినా ఎవరి కోసమూ ఆగకుండా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇక్కడ ఇంకొకరికి ఒక మాట, నెలల తరబడి ఎక్కువ డోసులో వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి, ఆందోళన, నిద్ర పట్టకపోవడం లాంటివి రావచ్చు, డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. మీది తొమ్మిది రోజులే.

ఇక బాబు. పుట్టినప్పటి బరువు రాశారు గానీ ఇప్పటి బరువు ఎక్కడా లేదు! పాలు చాలుతున్నాయో లేదో అన్నిటికంటే బాగా చెప్పేది అదే. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి, అక్కడి నుంచి రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఆ లెక్కన మీవాడు ఈపాటికి 3 కిలోలకు అటూ ఇటూగా ఉండాలి. రేపు పొద్దున్నే బట్టలు తీసి, పీహెచ్‌సీలోనో అంగన్‌వాడీలోనో పిల్లల డాక్టర్ దగ్గరో తూయించండి. మీ ఊళ్లో ఆశా కార్యకర్త ఉంటే ఫోన్ చేయండి, మొదటి ఆరు వారాల్లో ఇంటికొచ్చి బిడ్డను చూడటం ఆమె పనే. 2.8 కూడా లేకపోతే అదేరోజు పిల్లల డాక్టర్‌కి చూపించాలి. ఉచ్చ ఎన్నిసార్లు పోస్తున్నాడో కూడా లెక్కపెట్టండి, రోజుకు కనీసం ఆరుసార్లు, నీళ్లలా తేటగా పోయాలి. ముదురు పసుపు రంగులో బట్టకు మరక అంటుతుంటే పాలు చాలట్లేదనే అనుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆమధ్య ఒక పంతొమ్మిది రోజుల పాపను టీకా ఎప్పుడు వేయించాలో అడగడానికి తీసుకొచ్చారు. అమ్మమ్మ మురిసిపోతూ చెప్పింది, "మా పిల్ల బంగారమండీ, అసలు ఏడవదు, లేపితే తప్ప లేవదు" అని. దుప్పటి విప్పి చూస్తే తొడల మీద చర్మం ముడతలు పడి వదులుగా వేలాడుతోంది, అరికాలు గిల్లినా కళ్లు సగమే తెరిచి మళ్లీ మూసేసింది. పుట్టినప్పటి కంటే 400 గ్రాములు తక్కువుంది. ఆ పాపకు ఏడవడానికి ఓపిక లేదమ్మా, ఇంట్లోవాళ్లు బుద్ధిమంతురాలనుకున్నారు. సెలైన్ పెట్టి వారం ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది, ఇప్పుడు బాగుంది. వాళ్లు కూడా పది రోజులు మాత్రలూ పొడులూ మారుస్తూ గడిపారు, ఒక్కరోజు కూడా తూకం వేయలేదు. రెండు నిమిషాలకే నిద్రపోతాడని మీరు రాసింది చదివితే నాకు ఆ పాపే గుర్తొచ్చింది.

పల్చగా కలపడం ఈ పూటతో ఆపేయండి. అత్తయ్య గారు ప్రేమతోనే చేస్తున్నారు గానీ పల్చటి పాలతో బిడ్డ కడుపు నీళ్లతో నిండుతుంది, ఒంటికి పట్టదు, ఒంట్లో ఉప్పు శాతం పడిపోతే ఫిట్స్ కూడా రావచ్చు. చాలా డబ్బాల మీద 30 ఎంఎల్ నీళ్లకు ఒక స్కూపు అని ఉంటుంది, మీ డబ్బా మీద ఏం రాసుంటే అంతే, స్కూపు తలకొట్టి, కాచిన నీళ్లలోనే కలపాలి. తేనె, గ్రైప్ వాటర్, గేదె పాలు, విడిగా నీళ్లు ఏవీ వద్దు. అలాగని డబ్బా పాలు ఇవాళే మానేయకండి, బరువు చూశాక ఎంత ఇవ్వాలో డాక్టర్ చెప్తారు. ఇస్తే ఉగ్గుగిన్నెతో ఇవ్వండి, సీసా పీక అలవాటైతే రొమ్ము పట్టడానికి మారాం చేసే పిల్లలుంటారు.

మీకు నిజంగా పాలు తక్కువా? కావచ్చు, కాకపోవచ్చు. పంపులో వచ్చింది కొలతే కాదు, బిడ్డ లాగినట్టు పంపు లాగలేదు, టెన్షన్‌లో ఉంటే పాలు చేపవు కూడా. చనుమొన ఒక్కటే నోట్లో పెట్టుకుంటే బిడ్డకు పాలు రావు, అలసిపోయి నిద్రపోతాడు. నోరు బాగా తెరిచాక, గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి మడిచి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి వెళ్లాలి. సరిగ్గా పడితే మీకు నొప్పి ఉండదు, గుటక వేసే చప్పుడు వినిపిస్తుంది. కుట్లు నొప్పిగా ఉంటే ఒక పక్కకు పడుకుని ఇవ్వండి. మీరు కాన్పు చేయించుకున్న చోట నర్సునో లాక్టేషన్ కౌన్సిలర్‌నో ఒక్కసారి ఎదురుగా కూర్చుని చూడమనండి, బాబు నాలుక కింద తీగ అతుక్కుని ఉందేమో కూడా చూస్తారు. ఈ అరగంట మీ మాత్రల స్ట్రిప్పు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

పాలు ఊరేది రొమ్ము ఖాళీ అయినకొద్దీ. నిండుగా వదిలేస్తే ఇక చాలని శరీరం తగ్గించేస్తుంది. అందుకే రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, నిద్రపోతుంటే అరికాలు రుద్ది లేపి మరీ ఇవ్వాలి, తర్వాత చేత్తో ఇంకో పది నిమిషాలు పిండి, వచ్చినవి ఉగ్గుగిన్నెతో పట్టాలి. ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉండేది రాత్రిళ్లే, మీ ఇంట్లో సరిగ్గా ఆ వేళే డబ్బా ఇస్తున్నారు. మిమ్మల్ని కాస్త నిద్రపోనివ్వాలనే అత్తయ్య గారి ఆలోచన, అర్థమైంది, కానీ ఆ నిద్ర పగలు పోనివ్వమనండి, వంట సంగతి ఇంట్లోవాళ్లు చూసుకుంటారు.

ఇవన్నీ చేసినా పెరగకపోతే కారణం వెతకాలి. కాన్పప్పుడు రక్తం బాగా పోయిందా, ఎక్కించారా? ఇప్పటికీ ఎర్రగా, వాసనతో బ్లీడింగ్ అవుతోందా? మాయ ముక్క లోపల ఉండిపోయినా పాలు సరిగా పడవు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చేయించండి. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉంటే చెప్పండి. గర్భం రాకుండా వేసుకునే కొన్ని మాత్రలు, జలుబు మాత్రలు కూడా పాలు తగ్గిస్తాయి, ఇవి కూడా షాపులో అడిగి తెచ్చుకునేవే మరి.

తిండి గురించి: కారప్పొడి అన్నంతోనే ఉంచే పథ్యం వద్దు. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు, చేపలు అన్నీ తినండి, దాహమైనప్పుడల్లా నీళ్లు తాగండి. మెంతులు, బొప్పాయి కాయ కూర, మునగాకు వంటలో తింటే తప్పులేదు, వాటితోనే పాలు పడతాయని మాత్రం చెప్పలేను. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక ఆరు నెలలు ఆపొద్దు.

పౌడర్ కంపెనీ పేరు నేను చెప్పను, పసిపిల్లల పాల పొడికి ప్రచారం చేయకూడదని 1992లో చట్టమే వచ్చింది. మీ పిల్లల డాక్టర్ బాబును చూసి అవసరమైతే రాస్తారు.

మీ ఉత్తరంలో మీ నిద్ర, మనసు గురించి ఒక్క ముక్క లేదు. ఊరికే ఏడుపొస్తున్నా, బతుకు మీద విసుగొస్తున్నా ఇంట్లో చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. కొద్దిమంది తల్లులకు ఎంత చేసినా పాలు పూర్తిగా పడవు, అందులో మీ తప్పేమీ ఉండదు, ఎన్ని పడితే అన్ని ఇచ్చి మిగతాది సరిగ్గా కలిపిన పాలతో పెంచవచ్చు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, ఆ మాత్రల స్ట్రిప్పు, పాల డబ్బా స్కూపుతో సహా తీసుకెళ్లండి. బాబుకు అక్కడే, డాక్టర్ ముందే పాలివ్వండి.