బీకాం చదివి, కోడింగ్ రాకుండా డేటా జర్నలిజంలోకి రావచ్చా?

మీరు రాసింది ఇది: బీకాం అయిపోయింది, చదువంతా తెలుగు మీడియం, పత్రికలో పనిచేయాలని చిన్నప్పటి నుంచీ కోరిక. డేటా జర్నలిజానికి పైథాన్ అనే కోడింగ్ భాష రావాల్సిందే అని ఎవరో అన్నారు, అది మీకు రాదు. అసలు దీన్ని నమ్ముకుని బతకొచ్చా అన్నది మీ అనుమానం.

రావచ్చు. నేను అలాగే వచ్చాను. వరంగల్‌లో ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరినప్పుడు ఎక్సెల్‌లో కూడిక వేయడం కూడా తెలియదు. ఇప్పుడు కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఉండి అంకెలతో కథనాలు రాయడమే పని. కోడింగ్ గురించి చివర్లో చెప్తాను. దానికంటే ముందు నేర్చుకోవాల్సింది ఒకటుంది, అది నాకు ఒక తప్పు చేశాకే అర్థమైంది.

తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. ఆ మరుసటి ఏడాది నేను రోడ్డు ప్రమాదాల లెక్కలు పట్టుకుని, వరంగల్‌లో మరణాలు సగానికి పైగా తగ్గాయని ఒక బాక్స్ ఐటెం రాశాను. పాత ఏడాది వరుసలో ‘వరంగల్’ ఉంది, కొత్త ఏడాది వరుసలో ‘వరంగల్ అర్బన్’ ఉంది. రెండూ ఒకటే అనుకున్నాను. పేపరు వచ్చిన రోజు పొద్దున్నే మహబూబాబాద్ వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. “బాబూ, మా ఊరు ఇప్పుడు వరంగల్ జిల్లాలో లేదు కదా. మా ఊరి రోడ్డు మీద చనిపోయినవాళ్లను నువ్వు ఎందులో కలిపావు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సవరణ వేశాం. ఆ మాట మాత్రం ఇవాళ్టికీ ఏ పట్టిక తెరిచినా చెవిలో వినపడుతుంది.

పాత వరంగల్ జిల్లా అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అని ముక్కలైంది. చేర్యాల సిద్దిపేటలోకి పోయింది. అటు కరీంనగర్ నుంచి కమలాపూర్, ఎల్కతుర్తి ఇటొచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్‌కు వరంగల్ అని పేరు పెట్టారు. అంటే 2011 జనాభా లెక్కల్లో కనిపించే వరంగల్, ఈనాటి వరంగల్ పేరులో ఒకటే, నేలలో వేరు. ఆంధ్రలోనూ అంతే: 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2014కు ముందు జాతీయ నివేదికల్లో ‘ఆంధ్రప్రదేశ్’ అంటే తెలంగాణ కూడా కలిసిన అంకె. పైగా విభజన సమయంలో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రలోకి వెళ్లాయి. ఢిల్లీలో కూర్చున్న విశ్లేషకుడికి ఎంత బాగా కోడింగ్ వచ్చినా ఇవన్నీ వెంటనే తట్టవు. మీకు తడతాయి. తెలుగు మీడియం అని మీరు సంకోచంగా రాశారు, కానీ ఈ పనిలో మీ బలం అక్కడే ఉంది.

మీ బీకాం కూడా చిన్నదేం కాదు. జమాఖర్చులు టాలీ కాకపోతే ఎక్కడ తేడా వచ్చిందని వెతికే అలవాటు మీకు ఉండి ఉంటుంది. అదే ఇక్కడ కావాలి. సంఖ్య, రేటు తేడా తెలియాలి. లక్ష జనాభాకు ఎంత అని లెక్కేయకుండా పెద్ద జిల్లాను చిన్న జిల్లాతో పోల్చకూడదు. 10 శాతం 15 శాతం అయితే పెరిగింది ‘5 శాతం’ కాదు, 5 శాతం పాయింట్లు. ఉన్నదాని మీద చూస్తే 50 శాతం. ఈ ఒక్క తప్పు పెద్ద పెద్ద పత్రికల్లోనూ తరచూ కనిపిస్తుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక పని కాస్త వివరంగా చెప్తాను, రోజువారీ పని ఎలా ఉంటుందో తెలియడానికి. 2024 నవంబరులో పత్తి ధరల మీద రాద్దామనుకున్నాను. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్లో మార్కెట్ల వారీగా, రోజువారీగా కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర (అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర) దొరుకుతాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ వరుసలు దించుకున్నాను. పొడవు పింజ పత్తికి ఆ సీజన్లో మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. మోడల్ ధర చాలా రోజులు దానికి కిందే ఉంది. చార్టు గీస్తే అద్దంలా కనిపిస్తోంది. ‘మద్దతు ధర దక్కని రైతు’ అని శీర్షిక కూడా మనసులో సిద్ధమైపోయింది.

అయినా మాస్టారి మాట గుర్తొచ్చి, తెల్లవారుజామున యార్డుకు వెళ్లాను. బస్తాల పక్కన కూర్చున్న ఒక పెద్దాయనను, సీసీఐకి (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోకుండా ఇక్కడికెందుకు తెచ్చారని అడిగాను. “ఏరినంక వాన వడ్డది సారూ. ఆరబెట్టెటందుకు జాగ లేదు. కూలోళ్లకు పైసలియ్యాలె, ఇంక ఆగితే ఎట్ల?” అన్నాడు. బస్తాలో చెయ్యి పెట్టి చూడమన్నాడు. పైన పొడిగా ఉంది, మోచేతి దాకా పోనిస్తే లోపల చల్లగా, బరువుగా తగిలింది. తేమ 8 శాతం దాటకపోతేనే సీసీఐ పూర్తి ధర ఇస్తుంది, ఆపైన కోత పెడుతుంది, 12 శాతం దాటితే కొనదు. ఆ తేమ అన్న గడి నేను దించుకున్న షీటులో లేనే లేదు.

ఆ వారమంతా తిరిగి రైతుల దగ్గర తక్‌పట్టీలు (సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీలు) చూసి, బరువు, ధర రాసుకున్నాను. తేమ ఎంతన్నారో వాళ్లనే అడిగి పక్కన వేసుకున్నాను. మొత్తం 41 చీటీలు. అంత చిన్న లెక్కతో రాష్ట్రమంతా ఇంతే అని చెప్పలేం, కథనంలో ఆ సంగతి రాశాను కూడా. కానీ కథ మారిపోయింది. ధర గురించి మొదలుపెట్టింది, ఆరబెట్టే కల్లాల గురించి, కూలీకి అప్పటికప్పుడు ఇవ్వాల్సిన డబ్బు గురించి అయింది. షీటులో ఏముందో చూడటం అందరూ చేస్తారు. షీటులో లేని గడి ఏదో కనుక్కోవడం కోసమే విలేకరి కావాలి.

పనిముట్ల సంగతి త్వరగా చెప్తాను. ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో ఫిల్టర్, పివట్ టేబుల్ (వరుసలను గుంపులుగా కూడి చూపేది), వీలుకప్ (ఒక పట్టికలోని వివరాన్ని వెతికి ఇంకో పట్టికలోకి తెచ్చేది) ఈ మూడూ చేతికి రావాలి. రోజుకో గంట కూర్చుంటే నెల చాలు. పీడీఎఫ్‌లో ఉన్న పట్టికను బయటికి తీయడానికి టాబ్యులా, చార్టులకు డేటారాపర్, మ్యాపులకు క్యూజీఐఎస్: ఇవన్నీ ఉచితంగానే వాడుకోవచ్చు. ఒకే ఊరి పేరు నాలుగు స్పెల్లింగుల్లో ఉంటే ఓపెన్‌రిఫైన్‌తో ఒకటి చేయొచ్చు. అంతకంటే మంచిది, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఇచ్చిన కోడ్ నంబరును పట్టుకోవడం. తెలుగు పీడీఎఫ్‌లతో మాత్రం ఓపిక కావాలి. పాత ‘అను’ కంపెనీ ఫాంట్లలో చేసినవైతే కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, యూనికోడ్‌లోకి మార్చుకుని ప్రతి పేరూ కంటితో సరిచూడాల్సిందే. ఇవి అలవాటయ్యాక, ఒకే పనిని వందసార్లు చేయాల్సిన అవసరం వచ్చిన రోజున పైథాన్ నేర్చుకోండి. అప్పుడు ఎందుకు నేర్చుకుంటున్నారో తెలుస్తుంది కాబట్టి తొందరగా వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

సమాచార హక్కు చట్టాన్ని మాత్రం పైథాన్ కంటే ముందే నేర్చుకోండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు చేయొచ్చు. నేను మొదట్లో ‘వివరాలు ఇవ్వగలరు’ అని మాత్రమే రాసేవాణ్ణి. ఒక కార్యాలయం వంకరగా స్కాన్ చేసిన కాగితాల కట్ట పంపింది, వాటిని చేత్తో టైపు చేసుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత నుంచి, ఎక్సెల్ రూపంలో ఈమెయిల్‌కు పంపమని, చట్టం 7(9) సెక్షన్ ప్రకారం సాధారణంగా అడిగిన రూపంలోనే ఇవ్వాలని దరఖాస్తులోనే రాస్తున్నాను. అన్నిసార్లూ కాదుగానీ చాలాసార్లు పనిచేసింది.

ఇక బతుకుతెరువు. దాచకుండా చెప్తున్నాను: తెలుగు పత్రికల్లో, ఛానళ్లలో ‘డేటా జర్నలిస్ట్’ అనే పేరుతో ఉద్యోగాలు చాలా తక్కువ. నేను ఈ పనిలోకి మారినప్పుడు జీతం పెద్దగా పెరగలేదు. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ అనే డేటా, ఫ్యాక్ట్ చెక్ సంస్థ ఉంది. 2011 నుంచి ఇండియాస్పెండ్ అనే డేటా జర్నలిజం వెబ్‌సైట్ ఉంది. ది హిందూ వంటి ఇంగ్లిష్ పత్రికల్లో డేటా విభాగాలున్నాయి. ఫ్యాక్ట్ చెక్ సంస్థలు, పరిశోధన సంస్థలు కూడా ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. కాబట్టి చదివి అర్థం చేసుకుని, తప్పుల్లేకుండా రాసేంత ఇంగ్లిష్ తెచ్చుకోండి, తప్పదు. మామూలు రిపోర్టర్‌గానో సబ్ ఎడిటర్‌గానో చేరి, అక్కడే నెలకొక డేటా కథనం ఇస్తూ పోవడం మరో దారి. ఇంట్లో పరిస్థితి కష్టంగా ఉంటే నేను దీన్నే చెప్తాను.

ఈ పని అవసరం ఎంతో 2021లో చూశాను. రెండో వేవ్‌లో కోవిడ్ మరణాలని ప్రభుత్వాలు ప్రకటిస్తున్న అంకె ఒకటి, శ్మశానాల దగ్గర కనిపిస్తున్నది ఇంకొకటి. అప్పుడు కొందరు జర్నలిస్టులు పౌర నమోదు వ్యవస్థలోని మొత్తం మరణాలను అంతకు ముందటి ఏళ్లతో పోల్చి, ఎన్ని మరణాలు అదనంగా నమోదయ్యాయో చూపించారు. ఆంధ్రప్రదేశ్ లెక్కలూ అందులో ఉన్నాయి. ఆ నెలల్లో మా బంధువుల్లో ఇద్దరు పోయారు. వాళ్లు ఏదో ఒక లెక్కలో ఉన్నారని తెలిసిన రాత్రి చాలాసేపు ఏడ్చాను.

డిగ్రీ కంటే, సర్టిఫికెట్ కంటే, చేసి చూపించిన మూడు కథనాలు మీకు ఎక్కువ పనికొస్తాయి. మీకు బాగా తెలిసిన విషయాలే తీసుకోండి: మీ దగ్గరి మార్కెట్ ధరలు, మీ మండలంలో బడుల్లో పిల్లల సంఖ్య, మీ ఎమ్మెల్యే రెండు ఎన్నికల అఫిడవిట్లలో చూపించిన ఆస్తులు (ఎన్నికల అఫిడవిట్లను పరిశీలించే ఏడీఆర్ సంస్థ వాళ్ల మైనేతా వెబ్‌సైట్లో ఉంటాయి). ప్రతి కథనం కింద డేటా ఎక్కడ తెచ్చారు, ఏం సరిచేశారు, ఏం తేల్చలేకపోయారు అని నాలుగు వాక్యాలు రాసి, షీటు లింకు పెట్టండి. ఇంటర్వ్యూలో నేనైతే ముందు చదివేది ఆ నాలుగు వాక్యాలే. మొదటిది అయ్యాక ఇక్కడే పెట్టండి, వరుస వరుసా చూసి చెప్తాను.